గులాబీ రంగు తిరిగిన పొడి

ఎల్లాప్రగడ సుబ్బారావు జ్ఞాపకార్థం మేడ్చల్‌లో ఫార్మసీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి ముద్రిత పాఠం

 వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు కుర్చీలు చాలలేదని నిర్వాహకులు నొచ్చుకుంటున్నారు. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు గంటలకొద్దీ నిలబడటం ఎలాగూ తప్పదు, కాబట్టి ఈ పూట దీన్ని ప్రాక్టికల్ కింద రాసుకోండి.

ఒక పాత సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మేడ్చల్ రోడ్డు పక్కనే ఒక చిన్న మందుల యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్ చూసేవాణ్ణి. ఒకరోజు సాలిసిలిక్ యాసిడ్‌ను వేడినీళ్లలో కరిగించి, మళ్లీ స్ఫటికాలు కట్టించి, ట్రేలలో ఆరబెట్టి ఇళ్లకు పోయాం. సాయంత్రం మల్లెపూవులా ఉన్న పొడి తెల్లారేసరికి లేత గులాబీ రంగు తిరిగింది. రాత్రి షిఫ్టు వాళ్లు పగటి షిఫ్టు మీద, పగటి వాళ్లు రాత్రి వాళ్ల మీద చెప్పుకున్నారు. మా సీనియర్ కెమిస్టు వచ్చి, ఎవర్నీ ఏమీ అనకుండా, చిటికెడు పొడి తెల్ల కాగితం మీద వేసుకుని వెలుతురులో చూసి, "తుప్పు ఎక్కడుందో చూడుపోండ్రి" అన్నాడు. బోరు నీళ్ల ట్యాంకు నుంచి వచ్చే పైపు జాయింటు దగ్గర దొరికింది. సరుకంతా పోయింది. నేను స్పెక్ట్రోస్కోపీ నేర్చుకోవడం ఆ ట్రే దగ్గర మొదలైంది, పుస్తకం తర్వాత తెరిచాను.

సాలిసిలిక్ యాసిడ్ అణువుకు రెండు చేతులున్నాయనుకోండి. ఒకటి కార్బాక్సిల్, రెండోది దాని పక్కనే ఉన్న ఫినాల్ హైడ్రాక్సిల్. ఫెర్రిక్ అయాన్ దగ్గరికొస్తే రెండూ కలిసి ఎండ్రకాయ డెక్కల్లా పట్టుకుంటాయి. చిలేట్ అన్న మాట పుట్టిందే గ్రీకులో డెక్క అనే అర్థం ఉన్న పదం నుంచి. ఆ పట్టు పడ్డాక ఆక్సిజన్ దగ్గరి ఎలక్ట్రాన్ ఇనుము వైపు గెంతడానికి 530 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే ఆకుపచ్చ వెలుగు సరిపోతుంది. ఆకుపచ్చను మింగేసిన ద్రావణం మన కంటికి ఊదాగా కనబడుతుంది. ఇనుము మరీ కొంచెమైతే గులాబీగా కనబడుతుంది. ఆస్పిరిన్‌లో రెండో చేతికి ఎసిటైల్ తొడుగు ఉంటుంది, అందుకే మంచి ఆస్పిరిన్‌కి ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఈ రంగు రాదు. తేమ తగిలి తొడుగు ఊడిన పాత ఆస్పిరిన్‌కి వస్తుంది. సీసా మూత తీస్తే వెనిగర్ వాసన అదనం. 1954లో ట్రిండర్ ఇదే రంగును ఆధారం చేసుకుని, ఆస్పిరిన్ మోతాదు మించి మింగి ఆసుపత్రికి వచ్చినవాళ్ల రక్తంలో సాలిసిలేట్ ఎంతుందో 540 నానోమీటర్ల దగ్గర కొలిచే పద్ధతి ఇచ్చాడు.

ఇది మనవాళ్లకు తెలియని విద్యేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్లతో గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయ టానిన్‌లో ఫినాల్ చేతులు, బెల్లం నీళ్లలో ఇనుము. రెండూ ఒకదాన్నొకటి వెతుక్కున్న చోట నలుపు. మా యూనిట్‌లో సరుకు పాడుచేసినదీ, అక్కడ అమ్మవారి చీర అంచు గీసేదీ ఒకే జాతి రసాయనం.

సుబ్బారావు గారి పేరు మీద సభ పెడితే ఈయన తుప్పు గురించి మాట్లాడుతున్నాడేమిటని అనుకోకండి. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరిన ఆ మనిషి పేరు ప్రపంచంలోని ప్రయోగశాలలకు మొదట తెలిసింది ఒక రంగు వల్లే, ఆ రంగు పుట్టింది ఒక లోహం వల్లే. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆమ్లంలో ఫాస్ఫేటుకు మాలిబ్డేట్ కలపాలి, తర్వాత అమైనోనాఫ్తాల్ సల్ఫానిక్ యాసిడ్‌తో క్షయకరణం చెయ్యాలి. మాలిబ్డినం నీలం పుడుతుంది, నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఇవాళ మనం దాన్ని 660 నానోమీటర్ల దగ్గర మెషీన్‌లో చదువుతున్నాం. వాళ్ల కాలంలో కంటితోనే, ఒక గొట్టంలో తెలిసిన నీలం, పక్క గొట్టంలో తెలియని నీలం పెట్టుకుని పోల్చేవారు. కంటితో కొలిచే ఓపిక మనకు లేదు, అది వేరే బాధ.

ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టం. కండరాల నుంచి తీసిన ద్రవంలో ఫాస్ఫేటు కొలుస్తుంటే నీలం రావలసిన వేగంతో రాలేదు. ఆగి ఆగి వచ్చింది. మనమైతే రీయేజెంట్ పాతబడిందని సింకులో పారబోసి, కొత్తది కలుపుకుని, మంచి రీడింగ్ వచ్చేదాకా చేసి, ఆ రీడింగే రికార్డులో రాసేవాళ్లం. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫేటును మోస్తూ, పరీక్షలో కలిపిన ఆమ్లానికే మెల్లగా విడిపోతున్న పదార్థం ఏదో కండరంలో ఉందని తేల్చారు. అది 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌గా బయటపడింది. 1929లో ఏటీపీ.

రంగు వచ్చిందా అన్నది సగం ప్రశ్న. ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు నిలిచింది, ఆమ్లం తగిలితే ఏమైంది అన్నది మిగతా సగం. నొప్పుల మందులు, లోహ అయాన్ల మీద మన కాలేజీల్లో జరుగుతున్న పనిలో ఈ రెండో సగం దాదాపు కనబడదు. ఇవాళ నా ఫిర్యాదు అదొక్కటే.

ముందు మందుల సంగతి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్, మెఫెనమిక్ యాసిడ్, వీటన్నిటికీ కార్బాక్సిల్ చేయి ఉంది. పిరాక్సికామ్ కుటుంబానిది వేరే దారి. అక్కడ ఈనాల్ ఆక్సిజన్, అమైడ్ ఆక్సిజన్, పిరిడిన్ నైట్రోజన్ పట్టుకోవడంలో పాల్గొనగలవు. డైక్లోఫెనాక్ 276 నానోమీటర్ల దగ్గర, ఇండోమెథాసిన్ 320 దగ్గర అతినీలలోహిత కాంతిని మింగుతాయి. లోహం కలిపాక ఆ శిఖరం కాస్త పక్కకు జరిగినా, ఎత్తు మారినా, ఏదో జరిగిందని తెలుస్తుంది. ఏం జరిగిందో మాత్రం తెలియదు. నాకు కొత్తగా వచ్చిన ప్రతి స్కాలరూ "సార్, పీక్ షిఫ్ట్ అయ్యింది" అని పరుగెత్తుకుంటూ వస్తాడు. పీహెచ్ చూశావా అంటే మొహం వేలాడేస్తాడు.

ఐఆర్ ఇంకొంచెం వివరం చెబుతుంది. ఐబుప్రొఫెన్ ఆమ్లంగా ఉన్నప్పుడు 1,720 తరంగసంఖ్య దగ్గర కార్బొనిల్ పట్టీ కత్తిలా దిగుతుంది. చేయి లోహాన్ని పట్టుకోగానే ఆ పట్టీ మాయమై, 1,600కి దగ్గర్లో ఒకటి, 1,400కి దగ్గర్లో ఒకటి, రెండు కొత్తవి వస్తాయి. ఆ రెండింటి మధ్య దూరాన్ని సోడియం లవణంలోని దూరంతో పోలిస్తే, కార్బాక్సిలేట్ ఒక ఆక్సిజన్‌తో వేలాడుతోందా, రెండింటితో ఒకే లోహాన్ని పట్టుకుందా, రెండు లోహాల మధ్య వంతెన కట్టిందా అని ఊహించవచ్చు. డీకన్, ఫిలిప్స్ 1980లో ఈ లెక్కను పరిశీలించి రాసినప్పుడు దాని హద్దులు కూడా రాశారు. మనవాళ్లు సూత్రం తీసుకుని హద్దులు వదిలేశారు. ఇక ఎంత మందుకి ఎంత లోహం అన్నదానికి పాల్ జాబ్ 1928లో చెప్పిన పద్ధతి ఉంది. మొత్తం మోల్స్ మార్చకుండా రెంటి పాళ్లు మారుస్తూ పోతే రంగు ఎక్కడ శిఖరానికి చేరిందో అదే నిష్పత్తి. సులువు, చవక, పరీక్షలో పది మార్కులు. ఒకటి కంటే ఎక్కువ రకాల మందు-లోహ సంక్లిష్టాలు ఒకే గ్లాసులో ఉంటే మోసం చేస్తుంది.

వెలుగు చెప్పే మాట ఎంత దూరం పోగలదో చూపించే కథ రాగిదే. కాపర్ ఎసిటేట్ అయస్కాంత గుణం విడిగా ఉన్న రాగి అయాన్లకు ఉండాల్సినట్టు లేదు. 1952లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్లీనీ, బోయర్స్ ఆ నీలిపచ్చ స్ఫటికాలను అయస్కాంత క్షేత్రంలో పెట్టి మైక్రోవేవ్‌లు పంపి చూశారు. ఈపీఆర్ అంటాం కదా, అదే. వచ్చిన సంకేతం ఒంటరి రాగి అయాన్‌ది కాదు. రాగులు జంటలుగా ఉన్నాయని, జంటలోని ఇద్దరి ఎలక్ట్రాన్లూ ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉన్నాయని వాళ్లు చెప్పారు. స్ఫటికం లోపల ఏముందో అప్పటికి ఎవరూ చూడలేదు. మరుసటి ఏడాది ఎక్స్‌రేలతో చూస్తే నిజంగానే జంటలున్నాయి. రెండు రాగులు నడుమన, నాలుగు ఎసిటేట్లు చుట్టూ ఫ్యాను రెక్కల్లా. ఇండోమెథాసిన్ రాగిని పట్టుకున్నప్పుడు కట్టే ఇల్లూ ఇదే. ఎసిటేట్ ఉన్న చోట మందు కూర్చుంటుంది, అంతే తేడా.

ఇక్కడికొచ్చేసరికి అందరికీ రాగి కడియం గుర్తొస్తుంది. శామీర్‌పేటలో మా పాత ఇంటి పక్కన ఉండే పెద్దమ్మ కీళ్లనొప్పులకని రాగి కడియం వేసుకునేది, రాగి చెంబులో నీళ్లు తాగేది. కడియం కింద చర్మం పచ్చబడితే "ఇగో, నొప్పి గుంజుకుంటున్నది" అని చూపించేది. ఇంగ్లండులో యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు రుమటాయిడ్ రోగులు 70 మంది మీద పరీక్షించి 2013లో ప్రచురించారు. నొప్పికి గాని వాపుకి గాని కడియం వల్ల ఒరిగిందేమీ కనబడలేదు. పెద్దమ్మకి ఈ మాట చెప్పే ధైర్యం నాకు ఎన్నడూ రాలేదు.

కడియాన్ని తోసెయ్యొచ్చు గాని రాగి సంక్లిష్టాలను అలా తోసెయ్యలేం. అమెరికాలో జాన్ సోరెన్సన్ 1976లో, వాపు తగ్గించే మందుల రాగి సంక్లిష్టాలు జంతువుల్లో అసలు మందు కంటే బాగా పనిచేస్తున్నాయని ప్రకటించాడు. రాగి ఇండోమెథాసిన్‌ను ఆస్ట్రేలియాలో కుక్కలకు, గుర్రాలకు వాడారు. ఉత్త ఇండోమెథాసిన్ పేగుకు చేసినంత చెరుపు ఇది చెయ్యదని సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్ల తరబడి పనిచేసి చూపించారు. మందును ఏ రూపంలో కలిపి ఇచ్చారన్నదాన్ని బట్టి లోపలి సంక్లిష్టం మారిపోతోందా అని కూడా ఈపీఆర్‌తో, ఎక్స్‌రే శోషణతో వెతికారు. నేను అడుగుతున్నది ఆ వెతుకులాటే.

ఎందుకంటే రంగు అబద్ధమాడగలదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుందని మీ ఇళ్లలో అందరికీ తెలుసు. పసుపులోని కర్క్యుమిన్‌కి రెండు కార్బొనిల్ చేతులున్నాయి, సున్నంలో కాల్షియం ఉంది. ఇంకేం, కాల్షియం సంక్లిష్టం అని రాసెయ్యొచ్చు. రాసేముందు ఒక్క పని చెయ్యండి. సున్నం మానేసి చాకలి సోడా కలపండి. అందులో కాల్షియం లేదు, అయినా ఎర్రబడుతుంది. ఎరుపు ప్రధానంగా క్షారానిది. పెళ్లికూతురి కాళ్ల దగ్గర కూర్చుని ఇలా అడిగితే తంతారు, నిజమే. కానీ డిసర్టేషన్ రాసేటప్పుడు అడక్కపోతే ఎలా?

పరీక్షకుడిగా నేను చదివిన థీసిస్‌లలో మళ్లీ మళ్లీ కనబడే లోపాలు మూడు. సంక్లిష్టం బాక్టీరియాను చంపిందని రాస్తారు. ఉత్త మందుతో పోలుస్తారు, ఉత్త కాపర్ క్లోరైడ్‌తో పోల్చరు. రాగి ఒక్కటే అయినా బాక్టీరియాను చంపుతుంది కదా నాయనా, ఆ బ్లాంక్ ఏది? రెండోది, సంక్లిష్టాన్ని కరిగించడానికి డీఎంఎస్ఓ పోస్తారు. డీఎంఎస్ఓ కూడా లోహాన్ని పట్టుకునే ద్రావకమే. కష్టపడి కట్టిన ఇంట్లోకి దాన్ని పంపించి, లోపల ఇంకా పాత కిరాయిదారే ఉన్నాడని ఎలా నమ్ముతారు? కరిగించాక స్పెక్ట్రం మళ్లీ తియ్యాలి, ఒక గంట తర్వాత మళ్లీ తియ్యాలి. మూడోది ఆమ్లం.

ఆమ్లం సంగతి విప్పి చెప్పాలి. ఐబుప్రొఫెన్ కార్బాక్సిల్ పీకేఏ నాలుగు చిల్లర. జీర్ణాశయంలో పీహెచ్ ఒకటి, రెండు. అక్కడ ప్రోటాన్ వచ్చి రాగిని నెట్టేసి ఆ చెయ్యి తనే పట్టుకుంటుంది. నోటి ద్వారా ఇచ్చిన సంక్లిష్టం కడుపు దాటేలోపే మందు ఒక దిక్కు, రాగి ఒక దిక్కు అయ్యే అవకాశమే ఎక్కువ. రక్తంలోకి చేరాకైనా కలుసుకుంటాయా అంటే, అక్కడ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి నూటికి 99 పాళ్లు ఆల్బుమిన్‌కి అతుక్కుని ఉంటాయి. రాగిలో ఎక్కువ భాగం సెరులోప్లాస్మిన్ చేతిలో బందీ. ఇద్దరికీ వేరే ఇళ్లున్నాయి. ఆల్కహాల్ నిండిన క్యూవెట్‌లో వాళ్లిద్దరే ఉన్నప్పుడు కుదిరిన జత, ఈ సంతలో కుదురుతుందా? కుదరదని నేననడం లేదు. పీహెచ్ 1.2లో ఒక్క స్పెక్ట్రం తీసి పెట్టమంటున్నాను. ఫాస్ఫోక్రియాటిన్ ఆమ్లంలో విడిపోతోందని గమనించిన మనిషి పేరు మీద కూర్చున్నాం, ఆ మాత్రం అడగకూడదా?

ఇంత చెప్పాక, లోహం ముచ్చట అనవసరమనుకునేరు. సుబ్బారావు గారు తర్వాత చేరిన లెడర్లీ మందుల కంపెనీలో, ఆయన పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, డగ్గర్ కనుగొన్నది. టెట్రాసైక్లిన్ల కుటుంబానికి అది పెద్దక్క. వీటి డెక్క కార్బాక్సిల్ చేతి లాంటిది కాదు, గట్టి పట్టు. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, అల్యూమినియం ఏది దొరికినా పట్టేసుకుంటాయి, పట్టుకున్నాక పేగులోంచి రక్తంలోకి సరిగా పోవు. అందుకే టెట్రాసైక్లిన్ పాలతో వేసుకోవద్దంటారు. ఎముకలో కాల్షియంతో చేరిన టెట్రాసైక్లిన్ అతినీలలోహిత దీపం కింద పసుపుగా వెలుగుతుంది. ఎముక ఏ వేగంతో పెరుగుతోందో ఆ వెలుగు గీతల దూరాన్నిబట్టి డాక్టర్లు కొలుస్తారు.

మొన్నామధ్య ఒక మెడికల్ షాపులో నా ముందు నిల్చున్న ముసలమ్మ చేతిలో మోకాళ్ల నొప్పి గోలీలు, కాల్షియం గోలీలు, జ్వరానికి రాసిన, టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ ఉన్నాయి. "అన్నీ పాలతోని ఒక్కసారే మింగాల్నా కొడుకా?" అని కౌంటర్ దగ్గర పిల్లవాణ్ణి అడిగింది. వాడు తలూపాడు. నేను ఉండబట్టలేక కల్పించుకున్నాను: "అమ్మా, నొప్పి గోలీ తిన్నాక వేసుకో, పాలతో అయినా పర్వాలేదు. ఈ జ్వరం గోలీకి, కాల్షియం గోలీకి మాత్రం రెండు మూడు గంటలు ఎడం పెట్టు, పాలతో అస్సలొద్దు." ఆ షాపు పిల్లవాడు డీ ఫార్మసీ చదివినవాడే. చిలేషన్ అంటే ఏమిటని అడిగితే నిర్వచనం తడుముకోకుండా చెప్పాడు! ఆ అమ్మ సంచిలో ఉన్నది అదేనని మాత్రం తోచలేదు.

మందు కంపెనీల్లో లోహం వేరే వేషంలో వస్తుంది. మన ప్రాంతానికి నొప్పి మందులతో పాత చుట్టరికం. డాక్టర్ రెడ్డీస్ వాళ్లు అమెరికా ఎఫ్‌డీఏ నుంచి తొలి ఆమోదం తెచ్చుకున్నది 1987లో, ఐబుప్రొఫెన్ ముడిమందుకే. నాప్రోక్సెన్ తయారీలో ప్రపంచంలోనే పెద్దవాళ్లలో హైదరాబాదు దివీస్ ఉంది. ఐబుప్రొఫెన్‌ను మొదట బూట్స్ వాళ్లు ఆరు మెట్లలో చేసేవారు. 1992లో అమెరికాలో మొదలైన మూడు మెట్ల పద్ధతిలో నికెల్, పల్లాడియం ఉత్ప్రేరకాలు. మెట్లు తగ్గాయి గాని, చివర్లో పల్లాడియం ఎంత మిగిలిందో చూడాల్సిన పని వచ్చింది. టాబ్లెట్ కట్టేటప్పుడు అంటుకోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్ ఆస్పిరిన్‌ను తొందరగా పాడుచేస్తుంది. అందుకే ఆస్పిరిన్‌కి దాన్ని దూరం పెడతారు.

శతాబ్దంపాటు ఫార్మకోపియాల్లో భార లోహాల పరీక్ష అంటే సల్ఫైడుతో నల్లబరచి, సీసం స్టాండర్డ్ పక్కన పెట్టి కంటితో పోల్చడమే. నా తరం వాళ్లం అలా ఎన్ని గొట్టాలు పోల్చామో లెక్కలేదు. మసిచేసే మెట్టులోనే పాదరసం ఆవిరైపోయేది, పల్లాడియం దొరికేదే కాదు, అయినా "పాస్" అని సంతకం పెట్టేవాళ్లం. 2018 జనవరి 1 నుంచి అమెరికా ఫార్మకోపియా ఆ పరీక్షను తీసేసింది. నోటి మందుతో రోజుకు సీసం 5 మైక్రోగ్రాములు మించకూడదు, పల్లాడియం 100 మించకూడదు అని లోహానికో హద్దు పెట్టి, ప్లాస్మాలో మండించి కొలవమంది. ఆ సంస్థ భారత ప్రయోగశాల ఇక్కడికి దగ్గర్లోనే, శామీర్‌పేట దాటాక తుర్కపల్లి నాలెడ్జ్ పార్కులో ఉంది. మీలో కొందరు రేపు ఆ జీనోమ్ వ్యాలీ బస్సులే ఎక్కుతారు. ప్లాస్మాలో మండిన ప్రతి మూలకం తన రంగు గీతలు తను గీస్తుంది. ఆ గీతల్ని చదవడాన్ని మన తెలుగు నేలమీద ఒక సంప్రదాయంగా నిలబెట్టింది కొచ్చెర్లకోట రంగధామరావు గారు. బరంపురంలో పుట్టి, లండన్‌లో ఫౌలర్ దగ్గర నేర్చుకుని, వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్పెక్ట్రోస్కోపీ ప్రయోగశాల కట్టారు. ఆయనకూ ఒక పూట ఉపన్యాసం బాకీ ఉన్నాం.

ఎక్కువ మాట్లాడాను. పక్క గదిలో మీ మేడం, నేను కలిసి మూడు గొట్టాలు పెట్టాం. మొదటిదాంట్లో సాలిసిలేట్ ఒక్కటే, రెండోదాంట్లో టెర్బియం క్లోరైడ్ ఒక్కటే, మూడోదాంట్లో రెండూ. అతినీలలోహిత దీపం వేస్తే మొదటిది నీలంగా మెరుస్తుంది, రెండోది దాదాపు చీకటి. మూడోదాంట్లో సాలిసిలేట్ తను మింగిన వెలుగును టెర్బియం చేతికి అందిస్తుంది, 545 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ లేస్తుంది. చూశాక మూడోదాంట్లో నాలుగు చుక్కలు హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి, ఏమవుతుందో, ఎంతసేపటికి అవుతుందో గడియారం చూసి రాసుకోండి. కళ్లద్దాలు లేకుండా దీపం వేయొద్దు. నలుగురు నలుగురుగా వెళ్లండి, గది చిన్నది.